పాత పోర్ట్ ఎలెన్ విస్కీ బాటిల్ ఎవరైనా అమ్ముతామంటే జాగ్రత్త

లండన్‌లో మన తెలుగువాళ్ళు చాలామంది ఈమధ్య పాత సింగిల్ మాల్ట్‌లు (ఒకే డిస్టిలరీలో, అంటే ఒకే విస్కీ బట్టీలో, బార్లీ మాల్ట్‌తో చేసిన విస్కీలు) కొంటున్నారు, అందుకే రాస్తున్నాను. మేం నలుగురం కలిసి 1,600 పౌండ్లు పోగొట్టుకున్నాం.

మా స్నేహితుడు 1983లో పుట్టాడు. స్కాట్లాండ్‌లో ఐలా దీవిలోని పోర్ట్ ఎలెన్ డిస్టిలరీని మూసేసింది కూడా ఆ ఏడాదే. వాడి నలభయ్యో పుట్టినరోజుకు అక్కడి బాటిలే ఇవ్వాలని పట్టుబట్టాం. 1979లో తీసి, 32 ఏళ్ళు పీపాలో ఉంచిన విస్కీ. షాపుల్లో దొరకలేదు. తెలిసినవాళ్ళ ద్వారా పరిచయమైన ఒకాయన, తన మామగారు దాచుకున్నదని చెబితే నమ్మేశాం. ధర మరీ తక్కువ చెప్పినా అనుమానం వచ్చేది. అదీ చెప్పలేదు.

కొన్నేళ్ళ క్రితం గ్లాస్గోలో ఒక టేస్టింగ్‌లో పోర్ట్ ఎలెన్ రెండు గుక్కలు తాగాను. ఆరిపోయిన కట్టెల పొయ్యి వాసన, నిమ్మతొక్క, సముద్రపు ఉప్పుగాలి, కొంచెం మైనం. మింగాక కూడా ఆ పొగ చాలాసేపు నోట్లోనే ఉండిపోయింది. ఆ రుచి మరచిపోయేది కాదు. పుట్టినరోజు నాడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే నా గుండె జారింది. వెనిలా, కారమెల్ తీపి తప్ప పొగ ఊసే లేదు. లేబుల్ మీద ఆల్కహాల్ 50 శాతం పైనే ఉంది, గొంతులో మాత్రం ఆ ఘాటు లేదు. అంత స్ట్రాంగ్‌గా, చిల్ ఫిల్టర్ చేయకుండా (చల్లబరిచి వడకట్టకుండా) నింపిన విస్కీలో చల్లటి నీళ్ళు పోస్తే మామూలుగా మసకబారుతుంది. ఇది పాలు లేని టీలా తేటగా ఉంది. పుట్టినరోజు వాడేమో మా మొహాలు చూసి, "బాగుందిరా" అన్నాడు.

తర్వాత బాటిల్ తిప్పి చూస్తే, అడుగున గాజు మీద ఉండాల్సిన కోడ్ గీకేసి ఉంది. సీసా అసలుదే, లోపల ఏదో చవక బ్లెండ్ (రకరకాల విస్కీలు కలిపింది) పోసి కొత్త సీల్ వేశారని మా అంచనా. ఇలాంటి పేరున్న ఖాళీ సీసాలను ఆన్‌లైన్‌లో మంచి ధరకే అమ్ముతున్నారు.

ఇది మా ఒక్కరి కథే కాదు. 2018లో గ్లాస్గో దగ్గరి ల్యాబ్‌లో 55 అరుదైన బాటిళ్ళకు, విస్కీ వయసు తేల్చే కార్బన్ పరీక్ష చేస్తే, 21 నకిలీవో, చెప్పిన ఏడాదిలో తీయనివో అని తేలింది.

డబ్బు కట్టేముందు బాటిల్ మెడ దగ్గర విస్కీ మట్టం, సీల్ అంచు, గాజు మీది కోడ్ దగ్గరగా ఫొటోలు అడగండి. మొదట కొన్న బిల్లు అడగండి. మామగారు, తాతగారు అనే కథ బిల్లు కాదు. డిస్టిలరీని 2024లో మళ్ళీ తెరిచారు కానీ, పాత సరుకంటే 1983 వరకు పీపాల్లో నింపిందే, అది రోజురోజుకీ తగ్గిపోతోంది. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ మాత్రం చేయకండి. మేం అదే చేశాం. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం, ఆయన ఫోన్ ఎత్తడం లేదు.

మీ ఇంట్లో ఇలాంటి ఖాళీ సీసాలుంటే ఎవరికీ అమ్మకండి, ఊరికే కూడా ఇవ్వకండి. లేబుల్ చింపి, సీసా పగలగొట్టి పారేయండి.