గనిని ఆపాలంటే ఏది మేలు: గ్రామసభా, పబ్లిక్ హియరింగా, గ్రీన్ ట్రిబ్యునలా?

మా ప్రకాశం జిల్లా పేరు చెబితే చీమకుర్తి గ్రానైట్ గుర్తొస్తుంది గానీ బంగారం కాదు. అయినా కర్నూలు జిల్లా జొన్నగిరిలో బంగారం తవ్వకం మొదలైన కబురు తెలిసినప్పటి నుంచి నల్లమల అంచున ఉన్న మా చుట్టాలు ఒకటే అడుగుతున్నారు: "రేపు మన కొండకూ డ్రిల్లింగ్ బండి వస్తే ఏం చేద్దాం?"

ఊరికే పుట్టిన భయం కాదది. టన్ను రాయిని పిండి చేస్తే చాలాచోట్ల దొరికేది గ్రామో, రెండు గ్రాములో. ఆ పిండిలోని బంగారాన్ని సైనైడ్ నీళ్ళతో కరిగించి తీస్తారు. మిగిలిన బురదను కట్ట వేసి ఏళ్ళ తరబడి నిలవ ఉంచాలి. 2000 జనవరి 30న రుమేనియాలోని బయా మారేలో అలాంటి కట్టే తెగింది. దాదాపు లక్ష ఘనపు మీటర్ల విషపు నీళ్ళు ఏటిలో కలిసి, పక్క దేశం హంగేరీలో కూడా చేపలు చచ్చి తేలాయి. మా గుండ్లకమ్మ పుట్టేది నల్లమలలోనే. ఎండాకాలం ఇసుకలో చెలమ తీసి, ఊట తేరుకునేదాకా కూర్చుని, గిన్నెతో తోడుకుని తాగిన ఏరు మాది.

మూడు దారుల్లో గ్రామసభకు ఉన్న బలం వేరు. ఒడిశాలోని నియమగిరిలో బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు ఊళ్ళు కూర్చున్నాయి, పన్నెండూ వద్దన్నాయి. గని రాలేదు. అది చూసి మనవాళ్ళు "మనమూ తీర్మానం చేసేద్దాం" అంటారు. ఇక్కడ ఒక చిక్కుంది. ప్రకాశం, నెల్లూరు జిల్లాలు షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతంలో, లేవు. అలాంటి ప్రాంతాల్లో గ్రామసభలకు ప్రత్యేక అధికారాలిచ్చే పీసా చట్టం మనకు వర్తించదు. మనకు మిగిలింది 2006 అటవీ హక్కుల చట్టం. అడవినీ నీటి వనరులనూ కాపాడుకునే అధికారం గ్రామసభకు ఆ చట్టం ఇచ్చింది. చెంచు గూడేలకు ఇది కొండంత అండ. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా, ఆ అడవి మీద బతుకుతున్నట్టు చూపాలి. సభలో సగం మందైనా ఉండాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. అడవి మీద ఊరంతటికీ కలిపి ఇచ్చే సామూహిక హక్కు కోసం అర్జీ పెట్టకుండా కూర్చుని, గని వచ్చాక తీర్మానం రాస్తే దాని బరువు తగ్గిపోతుంది.

అడవిలో హక్కు లేని ఊళ్ళకు నేను చెప్పేది పబ్లిక్ హియరింగ్, అంటే గనికి పర్యావరణ అనుమతి ఇచ్చేముందు జనం మాట వినడానికి అధికారులు పెట్టే సభ. చాలామందికి దాని మీద నమ్మకం లేదు, బహిష్కరిద్దాం అంటారు. ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం ఆ సభకు కోరం లేదు, అంటే కనీసం ఇంతమంది రావాలన్న లెక్క లేదు. ఊరంతా ఇంట్లో కూర్చున్నా సభ జరిగినట్టే లెక్క.

మా దగ్గర ఒక క్వారీకి పెట్టిన సభకు వెళ్ళాను. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు. మైకు ఎక్కువసేపు నాయకుల చేతుల్లోనే ఉంది. చివర్లో ఒక జీవాల పెద్దాయన లేచి, "అయ్యా, ఆ వాగు పూడితే నా గొర్రెలు యాడ నీళ్ళు తాగాల?" అన్నాడు. మధ్యాహ్నానికి సగం కుర్చీలు ఖాళీ. సభ సారాంశాన్ని అక్కడే తెలుగులో చదివి వినిపించాలని రూలు. మేం నలుగురం కదలకుండా కూర్చుని చదివించాం. పెద్దాయన మాట అందులో లేదు. మళ్ళీ రాయించి, వాగు పేరుతో సహా చేర్పించాం. ఆ ఒక్క వాక్యానికి గంట పట్టింది.

సభకు కనీసం ముప్పై రోజుల ముందు నోటీసు రావాలి. ఆ నెల రోజుల్లో చేయాల్సింది, గని వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే నివేదికను కలెక్టరాఫీసులో చూడటం. సారాంశం తెలుగులో ఉంటుంది, అసలుది ఇంగ్లీషులో వందల పేజీలు. కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి ముందు మ్యాపు తెరవమనండి. మన వాగు, చెరువు, చెలమల చోటు అందులో ఉన్నాయా? లేకపోతే అదే మొదటి అభ్యంతరం. రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. అయిదు హెక్టార్ల లోపు చిన్న లీజులకు చాలావరకు ఈ సభే ఉండదు. అక్కడ ఈ దారి మూసుకున్నట్టే.

ఇక గ్రీన్ ట్రిబ్యునల్, అంటే పర్యావరణ కేసులు వినే ప్రత్యేక న్యాయస్థానం. దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. నెల్లూరోళ్ళకు రైల్లో మూడు గంటలు, మార్కాపురం వాళ్ళకు రెండు రోజుల కూలి పోతుంది. నష్టపరిహారం అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలే గానీ లాయరు ఖర్చు వేరే. అనుమతి వచ్చాక ముప్పై రోజుల్లో అప్పీలు వేయాలి, సరైన కారణం చూపితే ఇంకో అరవై రోజులు ఇస్తారు. అక్కడ గుండెలు బాదుకుంటే వినరు, కాగితం అడుగుతారు. ఆ కాగితం పుట్టేది షామియానా కింద. అందుకే నేరుగా చెన్నైకి పరుగెత్తడం నాకు నచ్చదు.

గూడెం ఉన్నచోట సామూహిక హక్కు అర్జీ ఈ ఏడే పెట్టించండి, ఏ డ్రిల్లింగ్ బండీ రాకముందే. మిగతా ఊళ్ళు తమ వాగుల పేర్లు, చెలమలు తీసే చోట్లు ఇప్పుడే ఒక నోటుబుక్కులో రాసి, ఊరివాళ్ళ సంతకాలతో పెట్టుకోవాలి. మా ఊళ్ళో మొన్న కూర్చుని రాస్తే పదకొండు తేలాయి. అందులో మూడు మా వయసువాళ్ళకే తెలియవు, ముసలివాళ్ళు చెప్పారు.