తెలంగాణలో ఉండి ఈక్విటోరియల్ మౌంట్ కొంటున్నారా? ఆగి ఇది చదవండి

58 వేలు పోసి తెప్పించిన ఈక్విటోరియల్ మౌంట్, అంటే టెలిస్కోపును మోస్తూ నక్షత్రాల వెంట తిప్పే స్టాండు తల, డాబా మీద పనికిరాకుండా పడి ఉంది. కోపం తగ్గాక రాస్తే సగం సంగతులు మర్చిపోతానని ఇప్పుడే రాస్తున్నా. ఆన్‌లైన్‌లో టెలిస్కోపులు అమ్మే ఆ షాపు పేరు పెట్టను. ఈ పిచ్చి ఉన్నవాళ్లకు ఎవరి సంగతో అర్థమైపోతుంది.

నా దగ్గర ఆరంగుళాల రిఫ్లెక్టర్, అంటే అద్దంతో పనిచేసే టెలిస్కోపు ఉంది. ట్యూబు, దాన్ని పట్టే రింగులు, గురి చూసుకునే చిన్న ఫైండర్ అన్నీ కలిపి ఆరు కిలోల దాకా ఉంటుంది. పాత మౌంట్ దాన్ని మోయలేక ఊగుతోంది. 2026 జనవరి 10న గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చి రాత్రంతా కనిపిస్తాడు కదా, ఆలోపు మంచి మౌంట్, స్టీలు కాళ్ల ట్రైపాడ్ ఉంటే ఫొటోలు తీయొచ్చని డిసెంబర్‌లోనే ఆర్డర్ పెట్టా.

డబ్బు కట్టే ముందు షాపతనికి ఫోన్ చేసి ఒకటే అడిగా. "మాది హనుమకొండ, 18 డిగ్రీల అక్షాంశం. మీ మౌంట్ అంత కిందికి దిగుతుందా?" కొత్తవాళ్ల కోసం చెప్తున్నా, ఈ రకం మౌంట్ ఇరుసు ధ్రువం వైపు చూడాలి. ధ్రువ నక్షత్రం మనకు ఎంత ఎత్తులో కనిపిస్తుందో అది దాదాపు మన అక్షాంశమే. హైదరాబాద్‌లో పదిహేడున్నర, ఆదిలాబాద్‌లో ఇరవైకి కొంచెం తక్కువ. యూరప్, అమెరికా వాళ్లను మనసులో పెట్టుకుని చేసిన కొన్ని మౌంట్లు ఇంత కిందికి దిగవు, దిగినా ట్యూబుకు సమతూకంగా బరువులు తగిలించే కౌంటర్ వెయిట్ రాడ్డు ట్రైపాడ్ కాలికి తగులుతుంది. అందుకే అడిగా. "ఇండియా మొత్తం నడుస్తది సార్, నాది గ్యారంటీ" అన్నాడు.

బాక్సు విప్పితే ముందు ట్రైపాడే తేడా. స్టీలు కాళ్లని రాసి అల్యూమినియం కాళ్లు పంపారు. సరే, ముందు మౌంట్ చూద్దామని బిగించి ఎత్తు బోల్టు తిప్పితే స్కేలు మీద 25 దగ్గర ఆగిపోయింది. వెనక బోల్టు పూర్తిగా వదులు చేసినా అంతే. ఇంకా బలవంతం చేస్తే బోల్టు వంగుతుంది.

ఫోన్ చేశా. "ఢిల్లీల అందరూ వాడుతున్నరు, మీకొక్కరికే ప్రాబ్లమా?" అన్నాడు. ఢిల్లీ 28 డిగ్రీల పైన ఉంది బాబూ, అక్కడ పనిచేస్తుంది, నేను కొనకముందే అడిగింది ఇదే కదా అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అట్లయితే దక్షిణం దిక్కు కాలు కింద ఇటుక పెట్టుకో" అన్నాడు.

58 వేల సామానుకు ఇటుక! ట్రైపాడ్ వంచితే ఇరుసు దిగుతుందని నాకూ తెలుసు. కానీ ఏడు డిగ్రీలు వంచి, ఆ పల్చటి కాళ్ల మీద ఆరు కిలోల ట్యూబు, మీద కౌంటర్ వెయిట్లు పెట్టి, చీకట్లో పిల్లలు చుట్టూ నిలబడి ఉండగా అది పడిపోకుండా ఎవరు చూసుకుంటారు? ఇటుక లేకుండానే, 150 రెట్లు పెద్దగా చూపించే ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెట్టి ఫోకస్ నాబ్ ముట్టుకుంటే గురుడు ఐదారు సెకన్లు వణుకుతున్నాడు. వంచకుండా వాడితే ఇరుసు ధ్రువానికి ఏడు డిగ్రీలు తప్పి ఉంటుంది, అప్పుడు మోటారు తిరుగుతున్నా అర నిమిషం ఫొటోలో చుక్కలు గీతలైపోతాయి.

ట్రైపాడ్ సంగతి అడిగితే "స్టీలు స్టాక్ లేదు, ఇది తేలిక, మీకే మంచిది" అన్నాడు. వాపసు తీసుకోమంటే, "బోల్టు తిప్పిన్రు కదా, వాడిన సామాను తీస్కోం" అని. తిప్పకుండా దిగుతుందో లేదో ఎవరికైనా ఎలా తెలుస్తుంది? అదే అడిగా. అప్పటిదాకా సార్ అన్న మనిషి, "వరంగల్ల కూసొని నాసా లెక్క మాట్లాడకు" అని ఫోన్ పెట్టేశాడు.

డబ్బు కంటే ఆ మాటే నన్ను నిద్రపోనివ్వట్లేదు. అమావాస్య రాత్రి లక్నవరం వైపు వెళ్తే పాలపుంత కళ్లకు కనిపించే జాగా మాది. మా గల్లీ పిల్లలు శని వలయాలు చూసి కేకలు పెట్టింది నా డాబా మీదే. సరైన సామాను అడగడానికి ఏ ఊరివాడైతే ఏంటి?

కొనేవాళ్లు మౌంట్ ఎన్ని డిగ్రీల నుంచి ఎన్ని డిగ్రీల దాకా తిరుగుతుందో వాట్సాప్‌లో రాయించుకోండి, స్కేలు ఫొటో అడగండి. 'మోసే బరువు' అని రాసిన అంకెలో కౌంటర్ వెయిట్లు లెక్కలోకి రావు. ఫొటోలకైతే ట్యూబు, కెమెరా బరువు ఆ అంకెలో మూడింట రెండు వంతులు దాటకుండా చూసుకోండి. ఊరికే కళ్లతో చూడ్డానికైతే డాబ్సోనియన్ (పైకీ కిందికీ, పక్కలకీ చేత్తో తిప్పే స్టాండున్న టెలిస్కోపు) తీసుకోండి, దానికి అక్షాంశంతో పనే లేదు.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించా. చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు అనడానికి లేదు, 2020 ఈ-కామర్స్ నియమాల్లో అది ఉంది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, షాపు ఉన్న ఊరికి తిరగక్కర్లేదు. ఆ షాపులో ఆర్డర్ పెట్టి ఇంకా సరుకు అందనివాళ్లు ఉంటే, ట్రైపాడ్ స్టీలుదో అల్యూమినియందో ఈ రోజే మెసేజ్‌లో అడగండి, బాక్సు విప్పేటప్పుడు మొదటి నుంచి వీడియో తీయండి.