ఆపరేషన్‌కు ముందు అడాప్టివ్ రేడియేషన్: ఏడాది దాటాక నా అభిప్రాయం

ముందే తేల్చి చెప్తా. అన్నవాహిక క్యాన్సర్‌కు ఆపరేషన్ కంటే ముందు కరెంటు (రేడియేషన్) పెట్టాలన్నారంటే, కిరణాలు ఎక్కడ ఎంత తగలాలో చెప్పే ప్లాన్‌ను రోజూ మార్చే మిషన్ (అదే అడాప్టివ్) దగ్గర్లో ఉండి ఖర్చు భరించగలిగితే తీసుకోండి. దానికోసం వారాల తరబడి ఆగాల్సి వస్తే మాత్రం ఆగొద్దు. మామూలు ఐఎంఆర్‌టీతో (గడ్డ ఆకారానికి తగ్గట్టు కిరణాల బలం మార్చే పద్ధతి, ప్లాన్ మాత్రం ఒకటే) మొదలుపెట్టి, సగంలో మళ్లీ సీటీ తీసి ప్లాన్ సరిచూస్తారా అని అడగండి. అదీ అడాప్టివే, తీరిగ్గా చేసే రకం.

నా గడ్డ అన్నవాహిక కింది చివర, పొట్టకు ఆనుకొని ఉండేది. స్క్వామస్ రకం, అంటే అన్నవాహిక లోపలి పొర కణాల్లో పుట్టేది. మహారాష్ట్రలోని మా గడ్చిరోలి వైపు ఖర్రా (పొగాకు, వక్క కలిపి నమిలేది) వాడకం తెలిసిందే కదా, డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న అదే. మా ఊరు సిరొంచ నుంచి జిల్లా కేంద్రానికే 200 కిలోమీటర్ల పైన ఉంటుంది. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, అక్కడినుంచి వరంగల్ మీదుగా హైదరాబాద్. మన భాషలో మాట్లాడే డాక్టర్లుంటారని నాగపూర్ వదిలి ఇటే వచ్చాం. తెలంగాణ ఆరోగ్యశ్రీ మాకు రాదు, మహారాష్ట్ర కార్డు ఆ ఆసుపత్రిలో చెల్లలేదు. అంతా చేతి డబ్బే.

నాకిచ్చింది క్రాస్ పద్ధతి. నెదర్లాండ్స్ డాక్టర్లు 2012లో దీని ఫలితాలు బయటపెట్టారు. ఐదు వారాలపాటు వారానికోసారి పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ కీమో, దాంతోపాటే 23 సార్లు కరెంటు, మొత్తం 41.4 గ్రే (రేడియేషన్ డోసు కొలత). నేరుగా ఆపరేషన్‌కు వెళ్లినవాళ్లలో సగం మంది 24 నెలలు దాటి బతికితే, ముందు ఇది తీసుకున్నవాళ్లలో సగం మంది 49 నెలలు దాటారు. స్క్వామస్ వాళ్లలో దాదాపు సగం మందికి కోసి తీసిన భాగంలో క్యాన్సర్ కణమే దొరకలేదు. ఈ అంకెలు క్రాస్‌వి, అడాప్టివ్‌వి కావు. అడాప్టివ్ వల్ల ఆయుష్షు పెరుగుతుందని ఏ పెద్ద పరీక్షా ఇంకా చూపలేదు. ప్యాకేజీ మాట్లాడే దగ్గర రెండూ కలిపి చెప్తారు, మీరు విడదీసి వినండి.

మరి అడాప్టివ్ చేసేదేమిటి? అన్నవాహిక ఒక్కచోట ఉండదు. ఊపిరితో కదులుతుంది, పొట్ట నిండితే కింది చివర జరుగుతుంది, కరెంటు పెట్టేకొద్దీ గడ్డ కరుగుతుంది, తినలేక మనిషీ తగ్గిపోతాడు. మొదటిరోజు గీసిన ప్లాన్ మూడో వారానికి వదులైన చొక్కాలా అవుతుంది. ఈ మిషన్ రోజూ టేబుల్ మీదే స్కాన్ తీసి గుండె, ఊపిరితిత్తులు, పొట్ట హద్దుల గీతలు కొత్తగా గీస్తుంది. డాక్టర్ వాటిని సరిదిద్దాక పాత ప్లాన్, కొత్త ప్లాన్ పక్కపక్కన పెట్టి ఒకటి ఎంచుకుంటారు. మళ్లీ చెక్ చేసి, అప్పుడు కరెంటు. గడ్డ చుట్టూ వదిలే అంచు తగ్గించుకోవచ్చు, గుండెకూ ఊపిరితిత్తులకూ తగిలేది తగ్గుతుంది. నాలాగా కింది చివర గడ్డ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

ఇక పడుకునే మనిషి కష్టం. చేతులు తలపైకి పెట్టి, మన ఒంటి ఆకారంలో గట్టిపడ్డ పరుపులో కదలకుండా ఉండాలి. మామూలుగా పావుగంటలో అయ్యే పని ఇక్కడ అరగంట, ఒక్కోరోజు ఇంకా పైనే. భుజాలు మొద్దుబారతాయి, దగ్గు వస్తే మింగుకోవాలి. పొట్టలో గ్యాస్ ఉన్నరోజు మిషన్ గీతలు తప్పేవి, డాక్టర్ దిద్దేదాకా అలాగే పడుకునేవాణ్ని. అందుకే రెండు మూడు గంటల ముందే జావ తాగి, తర్వాత ఏమీ తీసుకోకుండా వెళ్లేవాణ్ని. పెద్ద డాక్టర్ లేని రోజుల్లో మార్పు లేకుండా పాత ప్లానే నడిపేశారు. డబ్బు మాత్రం రోజువారీ అడాప్టివ్‌కే తీసుకున్నారు. ఎన్ని రోజులు మారుస్తారో ముందే కాగితం మీద రాయించుకోండి.

మింగేటప్పటి మంట తగ్గుతుందని ఆశ పెట్టుకోకండి. గడ్డ అన్నవాహికలోనే ఉంటే కరెంటు అక్కడే తగలాలి కదా. మూడో వారం నుంచి గటక (జొన్నరవ్వ సంకటి) గొంతు దిగలేదు. మంట తెలియకుండా చేసే మ్యూకైన్ జెల్ తాగి, కాసేపాగి పల్చటి అంబలి, పాలు, గుడ్డు సొన. చివర్లో ముక్కు పైపు పెట్టారు. బరువు నిలబడింది ఆ పైపు వల్లే, మిషన్ వల్ల కాదు.

రెండు నెలలాగి ఆపరేషన్ చేశారు. పొట్టనే గొట్టంలా మలిచి పైకి లాగారు. ముక్కలో కొద్దిపాటి కణాలు మిగిలాయని రిపోర్టు వచ్చింది, అంచులు మాత్రం శుభ్రం. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరలేదు. అది మిషన్ పుణ్యమో, రోజంతా ఊపిరి గట్టిగా పీల్పించిన మూడు బంతుల డబ్బా (స్పైరోమీటర్) పుణ్యమో తేల్చలేం. ఇప్పుడు కొద్దికొద్దిగా ఆరుసార్లు తింటున్నా, తల ఎత్తులో పెట్టుకొని పడుకుంటున్నా.

డిశ్చార్జ్ అయ్యేటప్పుడు మొత్తం డోసు, గుండెకూ ఊపిరితిత్తులకూ తగిలిన సగటు డోసు రాసిన ప్లాన్ ప్రింటు అడిగి తెచ్చుకోండి. ఫాలోఅప్‌కు వేరే ఊళ్లో చూపించుకుంటే అక్కడి డాక్టర్ మొదట అడిగేది అదే.