కరణి గుర్తా, భిన్న ఘాతాంకమా: ఏది మేలు?

"∛25 అని ఉన్నచోట 5^(2/3) అని రాస్తే మార్కులు పోతాయా?" ఈ ప్రశ్న నన్ను ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. మొదటిది కరణి గుర్తుతో (√, ∛ లాంటి మూలం గుర్తు), రెండోది భిన్న ఘాతాంకంతో రాసిన రూపం. రెండూ ఒకే సంఖ్య. ఘాతాంకంలోని హారం మూలాన్ని, లవం ఘాతాన్ని చెబుతాయని అందరికీ తెలుసు. తేల్చుకోవాల్సింది, లెక్క నడుస్తున్నంతసేపూ ఏ రూపంలో ఉంచుకోవాలన్నది.

నా ఓటు ఘాతాంకానికే. భిన్నాలు కూడటం, గుణించటం వస్తే చాలు, ఇంకో సూత్రం బట్టీ పట్టక్కర్లేదు. √(2√(2√2)) చూడండి. కరణి గుర్తులతోనే వెళ్తే, 2√2 అంటే √8, దాని వర్గమూలం ∜8. దాన్ని మళ్లీ 2తో గుణించాలంటే ఆ 2ని ∜16గా మార్చుకోవాలి. అప్పుడు ∜128, చివరికి ⁸√128. ఎక్కడో ఒకచోట చెయ్యి జారుతుంది. ఘాతాంకాలతో అయితే 2తో గుణించటం అంటే ఒకటి కలపటం, వర్గమూలం అంటే సగం చేయటం. లోపలి √2 నుంచి మొదలుపెడితే 1/2. ఒకటి కలిపితే 3/2, సగం చేస్తే 3/4. మళ్లీ ఒకటి కలిపితే 7/4, సగం 7/8. జవాబు 2^(7/8). ఇంకో పొర ఉంటే 15/16 అని నోటితోనే చెప్పేయొచ్చు. పొరలు పెరిగేకొద్దీ ఘాతాంకం 1కి, మొత్తం విలువ 2కి దగ్గరవుతాయి. కరణి గుర్తుల గుంపులో ఈ సంగతి అంత తేలిగ్గా కంటికి ఆనదు. న్యూటన్ కూడా 1676 నాటి ఉత్తరంలో ద్విపద సిద్ధాంతాన్ని (రెండు పదాల మొత్తానికి ఘాతాన్ని విస్తరించే సూత్రం) భిన్న ఘాతాంకాలతోనే రాశాడు.

అలాగని √ గుర్తును తీసిపారేయలేం. √2 + √8 లాంటి కూడికల్లో అదే హాయి. √8 అంటే 2√2, రెండూ సజాతి కరణులు (రెండింటిలోనూ ఉన్నది √2యే), మొత్తం 3√2. హారంలో √5 − √3 ఉండి దాన్ని అకరణీయం చేయాలన్నా (హారంలోంచి మూలాలు తీసేయాలన్నా) అంతే, ఘాతాంకాలు అక్కడ కంటికి అడ్డం.

భూమి (ఘాతాంకం కింద ఉండే సంఖ్య) రుణ సంఖ్య అయితే మాత్రం నేనూ కరణి గుర్తుకే మారిపోతాను. ∛(−8) అంటే −2, పేచీ లేదు. అదే (−8)^(1/3) అని రాసి, 1/3 బదులు 2/6 పెట్టారనుకోండి. −8 వర్గం 64, దాని ఆరో మూలం 2. గుర్తే తిరగబడింది! భిన్నాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చుకునే స్వేచ్ఛ ధన భూమికే.

దశాంశ ఘాతాంకం సంగతి అడిగేవాళ్లూ ఉన్నారు. 1/2 బదులు 0.5 పర్వాలేదు. 1/3 బదులు 0.33 వద్దు, 1000కి ఘనమూలం 10 రావాల్సింది 9.77 దగ్గర ఆగిపోతుంది.

కాలిక్యులేటర్‌లో కొట్టేటప్పుడు బ్రాకెట్ మరచిపోకండి. 8^(2/3) అంటే 4. 8^2/3 అని కొడితే అది ముందు 64 చేసి, 3తో భాగించి 21.33 చూపిస్తుంది.