పెద్దవాళ్ల కాక్లియర్ మ్యాపింగ్: విశాఖ మహారాణిపేటలో ఒక క్లినిక్

కాక్లియర్ ఇంప్లాంట్ అంటే వినపడనివాళ్లకి ఆపరేషన్ చేసి లోపలి చెవిలో, అంటే కాక్లియాలో, ఎలక్ట్రోడ్ల తీగ పెట్టి, బయట ప్రాసెసర్ తగిలించే మిషన్. ఒక్కో ఎలక్ట్రోడ్‌కి ఎంత కరెంటు ఇవ్వాలో మనిషికి తగ్గట్టు సెట్ చేయడమే మ్యాపింగ్. ఈ క్లినిక్‌లో మ్యాపింగ్‌కి ఐదులో నాలుగున్నర. మాట పరీక్షకి రెండు, అదీ మొహమాటానికి.

ఇక్కడ ముందు ఇంపెడెన్స్, అంటే ఒక్కో ఎలక్ట్రోడ్ దగ్గర కరెంటుకి ఎంత అడ్డు ఉందో చూస్తారు. ఓపెన్ (కరెంటు పారడం లేదు) అనో షార్ట్ (పక్కదానితో కలిసిపోయింది) అనో వచ్చిన ఎలక్ట్రోడ్‌ని ఆపేస్తారు. తర్వాత ఒక్కోదానికీ బీప్ ఇచ్చి, లీలగా వినపడే టీ లెవెల్, గట్టిగా ఉన్నా చిరాకు పెట్టని సీ లెవెల్ రాసుకుంటారు. నాలుగైదు ఎలక్ట్రోడ్లు కొలిచి మధ్యవి అంచనాతో నింపే పద్ధతి కూడా ఉంది. వీళ్లు 22 ఉంటే 22 కొలుస్తారు. ఆ ఓపిక ఊరికే పోదు. సీ తక్కువైతే మాట పీలగా వస్తుంది. ఎక్కువైతే గిన్నె కింద పడ్డా ఉలిక్కిపడి, మనిషి ప్రాసెసర్ తీసి బీరువాలో పెట్టేస్తాడు. పెట్టుకోని మిషన్‌తో మెదడుకి మాట అలవాటు కాదు. రోజుకి ఎన్ని గంటలు పెట్టుకున్నారో ప్రాసెసర్‌లోని డేటా లాగ్ తెరిచి అడిగేస్తారు, దబాయింపులు కుదరవు.

ఆపరేషన్‌కి ముందే ఆశ ఎంత పెట్టుకోవాలో తేల్చి చెప్పడం కూడా బాగుంది. మాటలు వచ్చాక వినికిడి పోయినవాళ్లు, పుట్టుకతోనే వినపడక నలభైల్లో వచ్చినవాళ్లు ఒక గాటన కట్టే కేసులు కావు. వినపడక ఎన్నేళ్లయింది, ఆ ఏళ్లలో హియరింగ్ ఎయిడ్ వాడారా, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వల్ల కాక్లియా లోపల ఎముక పెరిగిందా, ఎలక్ట్రోడ్ పూర్తిగా లోపలికి వెళ్లే వీలుందా అని ఒక్కొక్కటీ అడుగుతారు. వయసు చూసి మాత్రం ఎవర్నీ వెనక్కి పంపరు.

తేలిపోయేది మాట పరీక్షలో. ఆడియాలజిస్ట్ ఎదురుగా కూర్చుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టి, అమ్మ, అరటిపండు అంటారు. చెయ్యి అడ్డం పెడితే శబ్దమే మారుతుంది. పైగా అరటిపండు సగం వినపడినా ఎవరైనా చెప్పేస్తారు. రికార్డు చేసిన మాటలు స్పీకర్‌లో 65 డెసిబెల్స్‌కి పెట్టి, పట్టు, తట్టు, కట్టు అడగాలి. గడి, గడ్డి తేడా ఇంప్లాంట్ బాగానే అందిస్తుంది, ఎందుకంటే అది నిడివి తేడా. ప, త, క ల తేడా పెదవి చూడకుండా పట్టడమే కష్టం. గోలలో పరీక్ష అసలు లేదు. నిశ్శబ్దపు గదిలో వచ్చిన మార్కులు జగదాంబ జంక్షన్‌లో ఏ మూలకి?

పెద్దవాళ్లకి శ్రవణ శిక్షణ పేరుతో పిల్లల బొమ్మల పుస్తకమే ఇస్తారు. దానికన్నా ఇంట్లో ఎవరైనా పేపరు చదువుతుంటే, అదే పేజీ వేలితో అనుసరించడం మేలు.

మన ఉప్పుగాలికి, ఉక్కకి ప్రాసెసర్ తేమ లాగేసే డ్రైయింగ్ బాక్స్ రాత్రిపూట తప్పనిసరి అని గట్టిగా చెబుతారు. మైక్ కవర్లు మూడు నెలలకోసారి అక్కడే మారుస్తారు. తల మీది కాయిల్‌ని ప్రాసెసర్‌కి కలిపే కాయిల్ కేబుల్ మాత్రం స్టాకులో ఉండదు, తెగాక ఆర్డర్ పెడితే అన్నాళ్లూ చెవి మూతే. ఇంప్లాంట్ మొదటిసారి ఆన్ చేసే స్విచాన్ రోజునే ఒకటి అదనంగా కొనిపెట్టుకోండి.