పైథాన్‌కి ముందు: ఆరేళ్ళుగా నా దగ్గరున్న రెండు డీవీడీ సెట్లు

ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ ప్రాంతంలోని లీడ్స్‌కి వచ్చిన మూడో చలికాలంలో, 2019 నవంబర్‌లో ఈ రెండు సెట్లూ కొన్నాను. ఒకటి ‘ఎట్ లాస్ట్ ది 1948 షో’, రెండోది ‘డు నాట్ ఎడ్జస్ట్ యువర్ సెట్’. రెండూ 1967లో, బ్రిటన్ ప్రైవేటు ఛానల్ ఐటీవీకి కార్యక్రమాలు చేసే రీడిఫ్యూజన్ అనే కంపెనీలో మొదలైన బ్లాక్ అండ్ వైట్ కామెడీలు. తర్వాత వీటిలోని కొందరు కలిసి మాంటీ పైథాన్ అనే హాస్య బృందం అయ్యారు, వాళ్ళ షో మొదటి ఎపిసోడ్ 1969 అక్టోబర్ 5న బీబీసీలో వచ్చింది. దానికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంలో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు వీటిని విడుదల చేశారు. పైథాన్ వాళ్ళలో జాన్ క్లీజ్, గ్రాహం చాప్‌మన్ మొదటి దాంట్లో ఉంటారు. ఎరిక్ ఐడిల్, టెర్రీ జోన్స్, మైకేల్ పేలిన్ రెండో దాంట్లో. యానిమేషన్ చేసిన టెర్రీ గిలియమ్ కూడా ఆ రెండో జట్టులోనే తర్వాత వచ్చి కలిశాడు.

నేను కొన్నది క్లీజ్ కోసం. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటున్నది మాత్రం పైథాన్‌లోకి వెళ్ళని వాళ్ళ కోసం. ముఖ్యంగా మొదటి దాంట్లో మార్టీ ఫెల్డ్‌మన్, టిమ్ బ్రూక్-టేలర్, రెండో దాంట్లో డెనీస్ కాఫీ. ఈ సమీక్ష రాయాలనిపించింది కూడా అందుకే.

ముందు 1948 షో గురించి. ఆ పేరుకీ 1948కీ సంబంధం లేదు. టీవీ పెద్దలు ఒక నిర్ణయం తీసుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో చెప్పే వెక్కిరింపు అది. టీవీ వ్యాఖ్యాత డేవిడ్ ఫ్రాస్ట్ కంపెనీ ద్వారా తయారైంది. అంతకుముందు 1966, 67లలో బీబీసీలో నడిచిన ‘ది ఫ్రాస్ట్ రిపోర్ట్’కి వీళ్ళలో చాలామంది రాశారు, క్లీజ్ అయితే నటించాడు కూడా. అందులో క్లీజ్, రానీ బార్కర్, రానీ కార్బెట్ ఎత్తు ప్రకారం వరసగా నిలబడి, పై తరగతి, మధ్య తరగతి, కింది తరగతి ఒకరినొకరు ఎలా చూస్తారో చెప్పే స్కెచ్ ఇక్కడ ఇప్పటికీ అందరికీ తెలుసు. దాన్ని రాసిన ఇద్దరిలో ఒకడు ఫెల్డ్‌మన్ అని మాత్రం చాలామందికి తెలియదు.

అప్పటికి ఫెల్డ్‌మన్ ఎక్కువగా రచయితగానే తెలుసు. థైరాయిడ్ జబ్బు వల్ల కళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. 1948 షోలోకి నటుడిగా తీసుకుందామంటే, ఆ ముఖాన్ని జనం చూస్తారా అని ఫ్రాస్ట్ సందేహపడ్డాడు. మిగతా వాళ్ళు పట్టుబట్టి తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది 1968లో బీబీసీ అతని పేరు మీదే ఒక షో పెట్టింది. ఆ ముఖమే అతన్ని హాలీవుడ్ దాకా తీసుకెళ్ళింది.

అతన్ని చూడాలంటే పుస్తకాల షాపు స్కెచ్‌తో మొదలుపెట్టండి. క్లీజ్ షాపువాడు, ఫెల్డ్‌మన్ కొనడానికి వచ్చినవాడు. వచ్చినవాడు అడిగే పుస్తకాలేవీ ప్రపంచంలో లేవు, లేదా పేరులో ఒక అక్షరం తేడా. చివరికి బ్రిటన్ పక్షుల పుస్తకం ఒకటి అడుగుతాడు, కానీ గానెట్ అనే సముద్రపక్షి లేని ప్రతి కావాలంటాడు. షాపువాడు ఓపిక నశించి ఆ పేజీ చింపేస్తాడు. ఇంకో పిట్ట కూడా నచ్చలేదంటే దాన్నీ చింపుతాడు. అప్పుడు ఫెల్డ్‌మన్ తాపీగా, చిరిగిన పుస్తకం ఎలా కొంటాను అంటాడు.

ఈ స్కెచ్ ఇరవై సార్లు చూసుంటాను. మొదట్లో క్లీజ్‌నే చూసేవాణ్ణి. ఆరడుగుల అయిదంగుళాల మనిషి మర్యాదగా మొదలై, మెడ నరాలు ఉబ్బేదాకా ఎలా వెళ్తాడో చూడటం ఒక ఆనందం. తర్వాత హోటల్ యజమాని పాత్రలో అతను చూపించిన కోపమంతా ఇక్కడే మొలకెత్తింది. ఆరేడుసార్లు చూశాక నా కళ్ళు ఫెల్డ్‌మన్ మీదికి మళ్ళాయి. అతని ముఖంలో ఎదుటివాణ్ణి ఏడిపిస్తున్నానన్న ఎరుక ఎక్కడా లేదు. నిజంగానే ఆ పుస్తకం కావాలి అతనికి. చివర్లో డబ్బుల్లేవని తేలి, షాపువాడే కొనిపెట్టి, చదవడం రాదని తేలి, షాపువాడే కూర్చోబెట్టి చదివి వినిపిస్తాడు. అప్పుడు ఫెల్డ్‌మన్ వినే తీరు చూడండి, చిన్నపిల్లాడు కథ వింటున్నట్టే ఉంటుంది. అంత తిక్క స్కెచ్ చివర్లో నాకు మనసు మెత్తబడుతుంది. పైథాన్‌లో ఎన్నో గొప్పవి ఉన్నాయి కానీ ఈ మెత్తదనం నాకు అక్కడ దొరకలేదు.

రెండో ముఖ్యమైన స్కెచ్ నలుగురు యార్క్‌షైర్ వాళ్ళది. బాగా సంపాదించి స్థిరపడ్డ నలుగురు మంచి వైన్ తాగుతూ, చిన్నప్పుడు మేమెంత బీదవాళ్ళమో అని పోటీలు పడతారు. ఒకడు ఇంటికి పైకప్పు సరిగ్గా లేదంటే ఇంకొకడు మాకు ఇల్లే లేదు, గొయ్యిలో ఉన్నామంటాడు. పోటీ అలా పెరిగి, రోడ్డు మధ్యలో చెప్పుల డబ్బాలో కాపురం దాకా వెళ్తుంది. దీన్ని ప్రపంచమంతా పైథాన్ స్కెచ్ అనుకుంటుంది, ఎందుకంటే వాళ్ళు తర్వాత స్టేజీ మీద చాలాసార్లు వేశారు. పుట్టింది ఇక్కడ. రాసింది బ్రూక్-టేలర్, క్లీజ్, చాప్‌మన్, ఫెల్డ్‌మన్ కలిసి. ఇది పైథాన్ వాళ్ళది అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. నలుగురి కష్టంలో ఇద్దరి పేర్లు మాయమైపోతున్నాయి.

2022 వేసవిలో నాన్న తెనాలి నుంచి వచ్చి మా దగ్గర నాలుగు నెలలున్నారు. ఇంగ్లిష్ చదువుతారు కానీ ఇక్కడి యాస పట్టుకోలేరు. ఒక సాయంత్రం ఈ స్కెచ్ పెట్టి, పాజ్ చేస్తూ చెప్పాను. రెండో మనిషి మాట్లాడేసరికి ఆయనకి అర్థమైపోయింది. “ఇది మన పెళ్ళిళ్ళలో పెద్దాళ్ళ ముచ్చటేరా, వీధి దీపం కింద చదువుకున్నాం, చద్దన్నం తిని ఆరు మైళ్ళు నడిచాం అంటారు చూడు” అన్నారు. ఇంక పాజ్ చెయ్యనివ్వలేదు. మాటలు సగమే అర్థమైనా, ఒకడు చెప్తుంటే పక్కవాడు కుర్చీలో కదులుతూ తన వంతు కోసం ఎదురుచూడటం చూసి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. నా ఆఫీసులో యార్క్‌షైర్ వాళ్ళు ఈ స్కెచ్‌ని తమ సొంత ఆస్తిలా చెప్పుకుంటారు. తెనాలి మనిషికీ అది అంతే సొంతమైంది ఆ రోజు.

‘డు నాట్ ఎడ్జస్ట్ యువర్ సెట్’ పిల్లల కార్యక్రమం. బొమ్మ ఆగిపోయినప్పుడు మన దూరదర్శన్‌లో ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అని పడేది గుర్తుందా? అలాగే అక్కడ మీ టీవీని సవరించకండి, లోపం మా దగ్గరే అనే అర్థంతో వేసే మాట అది. సాయంత్రం బడి అయ్యాక పిల్లల కోసం వేసేవారు. పెద్దవాళ్ళూ చూసేవారు. క్లీజ్, చాప్‌మన్ కూడా పని త్వరగా ముగించుకుని దీని కోసం టీవీ ముందు కూర్చునేవారు. ఆ రెండు జట్లూ కలిసి పైథాన్ అవడానికి దారి అక్కడ పడింది.

నిజం చెప్పాలంటే దీన్ని వరసగా చూడటం కష్టం. రెండు ఎపిసోడ్లు దాటితే విసుగొస్తుంది. అందులో నటుడు డేవిడ్ జేసన్ వేసే కెప్టెన్ ఫెంటాస్టిక్ సీరియల్ నాకు పెద్దగా ఎక్కలేదు. మా అమ్మాయికి మాత్రం అదే ఇష్టం, తనకి అప్పుడు ఏడేళ్ళు. ప్రతి ఎపిసోడ్‌లో బోంజో డాగ్ బ్యాండ్ పాట ఒకటి ఉంటుంది, అవి వదలొద్దు. డెనీస్ కాఫీని గమనించండి. నలుగురు మగవాళ్ళ మధ్య ఒక్కతే ఆడమనిషి. అత్తగారు, టీచరు, మిసెస్ బ్లాక్ అనే దుర్మార్గురాలు, ఏ వేషం ఇచ్చినా ముఖం, గొంతు, నడక అన్నీ మార్చేస్తుంది. 1948 షోలో నటి ఎయిమీ మెక్‌డొనాల్డ్‌కి అంత అవకాశం లేదు. స్కెచ్‌కీ స్కెచ్‌కీ మధ్య వచ్చి తన అందం గురించి తనే చెప్పుకోవడమే పని. ఆమె దాన్ని ఎంతో బాగా చేసింది, కానీ ఆడవాళ్ళకి ఆ కాలం రచయితలు ఇచ్చిన చోటు ఎంత ఇరుకో అక్కడ కనిపిస్తుంది.

బొమ్మ నాణ్యత సంగతి తెలుసుకునే కొనండి. ఆ రోజుల్లో వీడియో టేపు చాలా ఖరీదు, ఒకసారి ప్రసారమయ్యాక చెరిపేసి మళ్ళీ వాడేవారు. 1948 షో పదమూడు ఎపిసోడ్లలో చాలా వరకు అలా పోయాయి. స్వీడన్ టీవీ కోసం ఏరి కూర్చిన అయిదు ఎపిసోడ్లు అక్కడ మిగలబట్టి కొంత బతికింది. 2014లో ఫ్రాస్ట్ సొంత సేకరణలో ఇంకో రెండు ఎపిసోడ్లు దొరికాయి. అలా వేర్వేరు చోట్ల మిగిలిన వాటిని కలిపి కట్టిన సెట్ ఇది. ఒక స్కెచ్ శుభ్రంగా ఉంటే పక్కది మసకగా ఉంటుంది, మాట కూడా మూసుకుపోతుంది. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తాను, చాలా తేడా ఉంది. సెట్‌లో వచ్చే చిన్న పుస్తకం పారేయకండి. ఏ ముక్క ఎక్కడిదో తెలిశాక చూసే తీరే మారుతుంది. నాకు ఆన్‌లైన్‌లో అమ్మినతను పంపిన వాటిలో ఒక డిస్కు గీతలతో వచ్చింది, మార్పించుకోవడానికి మూడు వారాలు పట్టింది. సెకండ్ హ్యాండ్‌లో కొంటే రాగానే అన్ని డిస్కులూ చివరిదాకా వేసి చూసుకోండి. ఇండియాలో కొనేవాళ్ళు తమ ప్లేయర్ బ్రిటన్‌లో అమ్మే రీజియన్ 2 డిస్కులు చదువుతుందో లేదో ముందే చూసుకోండి.

నేను కొన్న ఆ చలికాలమే డిసెంబర్‌లో బోంజో బ్యాండ్ గాయకుడు నీల్ ఇన్నెస్ పోయాడు. జనవరిలో టెర్రీ జోన్స్. ఏప్రిల్‌లో కోవిడ్‌తో టిమ్ బ్రూక్-టేలర్. లాక్‌డౌన్‌లో ఆ వార్త చదివిన రాత్రి మళ్ళీ యార్క్‌షైర్ వాళ్ళ స్కెచ్ పెట్టుకున్నాను. ఆ నలుగురిలో ఇప్పుడు మిగిలింది క్లీజ్ ఒక్కడే. 2022లో డెనీస్ కాఫీ కూడా వెళ్ళిపోయింది.

నాన్న వచ్చే ఏప్రిల్‌లో మళ్ళీ వస్తున్నారు. మొన్న ఫోన్‌లో, ఆ పక్షుల పేజీ చింపించుకున్న పెద్ద కళ్ళాయన ఇంకా మన దగ్గరే ఉన్నాడా అని అడిగారు.