కార్డు మీద ప్రైవేటా, ప్రభుత్వ పెద్దాసుపత్రా: ఏది మేలు?

"ఆరోగ్యశ్రీ కార్డు ఉండగా ప్రైవేటుకు పోక, గవర్నమెంటాసుపత్రికి ఎందుకు తీసుకెళ్లావమ్మా?" ఈ నెలలో ఈ మాట అడగని చుట్టం లేరు. కిందటేడు బాత్రూములో జారిపడి నాన్నకు తుంటి ఎముక విరిగితే, నెట్‌వర్క్ ఆసుపత్రిలో, అంటే కార్డు చెల్లే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు అమ్మకు గాల్ బ్లాడర్‌లో రాళ్లు. ఈసారి ప్రభుత్వ ఆసుపత్రి. రెండూ మన గుంటూరు, విజయవాడ పరిధిలోవే. పేర్లు అనవసరం.

కార్డు సంగతి అందరికీ తెలిసిందే. ఈ ఉచిత వైద్య పథకం 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతూ వచ్చి, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. ఇళ్లల్లో మాత్రం అది ఆరోగ్యశ్రీ కార్డే. జాబితాలో ఉన్న ఏ ఆసుపత్రికి వెళ్లాలో మనమే చూసుకోవచ్చు.

అడిగేవాళ్లంతా డాక్టరు హస్తవాసి గురించి, వార్డు శుభ్రం గురించి అడుగుతారు. అవీ ముఖ్యమే. కానీ రెండు ఆపరేషన్లూ దగ్గరుండి చూశాక నేను అందరికంటే ముందు అడిగేది ఒక్కటే: తోడు ఎవరుంటారు? ఎన్ని రోజులు?

నాన్నప్పుడు నేనొక్కదాన్నే. తమ్ముడు హైదరాబాదులో, వాడికి సెలవు దొరకలేదు. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఒక్క మనిషితో పని జరిగిపోయింది. ఆసుపత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర కార్డు ఇచ్చాను, మంచం మీద నాన్నను ఫొటో తీసుకున్నారు, అప్రూవల్ వచ్చింది. రక్తం తీయడానికి మంచం దగ్గరికే వచ్చారు, ఎక్స్‌రేకు వాళ్లే తోసుకెళ్లారు. అయిదు రోజులూ నేను కుర్చీలో కూర్చునే ఆఫీసు ఫోన్లు కూడా మాట్లాడాను.

అయితే ఆపరేషన్ రోజు పొద్దున ఒకాయన వచ్చి, ఇంకొంచెం మంచి ఇంప్లాంట్ వేస్తాం, తేడా మీరు కట్టండి అన్నాడు. కట్టేశాను. కార్డు కింద చేసే ఆపరేషన్‌కు మన దగ్గర డబ్బు తీసుకోకూడదని, అడిగితే 104కు ఫోన్ చేసి చెప్పొచ్చని నాకు తెలియక కాదు. థియేటర్ తలుపు ముందు నిలబడ్డప్పుడు ఆ టెన్షన్‌లో ఏదీ గుర్తురాలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. బిల్లుల బకాయిలు పేరుకుంటే నెట్‌వర్క్ ఆసుపత్రులు కార్డు సేవలు ఆపేస్తాయి. 2025 అక్టోబరులో అలాగే ఆపాయి. తేదీ ఖాయమైన రోగి ఆ రోజుల్లో ఎక్కడికి పోవాలి?

ఇక ప్రభుత్వ ఆసుపత్రి. అమ్మకు నొప్పి వచ్చిపోతూ ఉంది, అత్యవసరం కాదు. మూడు వారాల తర్వాత తేదీ ఇచ్చారు. మా బాబాయి, ఎమ్మెల్యేగారి పీఏతో ఫోన్ చేయిస్తాను, ముందుకు జరుపుతారు అన్నాడు. వద్దన్నాను. మేం ముందుకు జరిగితే ఆ రోజుకు పేరున్న ఇంకెవరినో వెనక్కి పంపుతారు. ఆ ఇంకెవరికో ఫోన్ చేయించే బాబాయి ఉండడు.

వార్డులో పొద్దున్నే వినపడే మాట, "ఈ పేషెంట్ తాలూకు ఎవరండీ?" సిస్టరుగారు రక్తం తీసి, రెండు ట్యూబుల మీద ప్లాస్టరు ముక్క అంటించి, పెన్నుతో పేరు రాసి చేతికిస్తారు. ఒకటి ఎర్ర మూతది, ఒకటి ఊదా మూతది. వాటిని పక్క బ్లాకులో ఉన్న ల్యాబులో మనమే ఇవ్వాలి. సాయంత్రం రిపోర్టు మనమే తెచ్చుకోవాలి. స్కానింగ్‌కు వీల్ చైర్ వెతికి తోయాలి. మత్తు డాక్టరుగారి సంతకానికి కేస్ షీటు పట్టుకుని నిలబడాలి. ఇవన్నీ చేస్తూ, మంచం దగ్గర కూడా ఒకరు ఉండాలి. అంటే ఇద్దరు. ఈసారి తమ్ముడు వచ్చాడు కాబట్టే నేను ఇటు మొగ్గగలిగాను.

మా పక్క మంచంలో మాచర్ల వైపు నుంచి వచ్చిన పెద్దావిడ ఉంది. కొడుకు చేర్చి, మిరప కోతలకు వెనక్కి వెళ్లిపోయాడు. వెళ్లకపోతే కూలి పోతుంది. సిస్టరుగారు "తాలూకు ఎవరు?" అని మూడుసార్లు పిలిచారు. ఆవిడ తల దించుకుని దుప్పటి అంచు మడత పెడుతూ కూర్చుంది. అంతకుముందే ఒకసారి రిపోర్టు రాలేదని ఆవిడ ఆపరేషన్ వాయిదా పడిందట. మా అమ్మే, "మా అమ్మాయి వెళ్తుందిలే, ఇటివ్వండి" అంది. ఆ నాలుగు రోజులూ నా చేతిలో నాలుగు ట్యూబులు.

అదే కార్డు ఆవిడ దగ్గరా ఉంది. ఎంపిక నాకూ ఉంది, ఆవిడకూ ఉంది అంటే నేను ఒప్పుకోలేను.

ఆపరేషన్ మాత్రం బాగా చేశారు. ఎక్కడా రూపాయి అడగలేదు. రోజూ పొద్దున రౌండ్స్‌లో పెద్ద డాక్టరుగారి వెనక పీజీ చదివే డాక్టర్లు అయిదారుగురు వచ్చేవారు, ప్రతి రోగి గురించీ ఆయన వాళ్లను అడిగి చెప్పించేవారు. అంతమంది కళ్లు పడే చోట పొరపాటు దాగదని నాకు ధైర్యంగా అనిపించింది. గవర్నమెంటులో ఏం చేస్తారులే అనేవాళ్లకు ఒక్క మాట: 2016లో గుండె మార్పిడి చేసిన చోటు మన గుంటూరు జీజీహెచ్, అదే ప్రభుత్వ పెద్దాసుపత్రి.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకోటి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఎలాగూ ఉచితమే కదా అని కార్డు బయటికి తీయరు. తీయండి. అక్కడా ఆరోగ్యమిత్ర ఉంటారు. మన కేసు పథకం కింద నమోదైతే ఆ డబ్బు ఆ ఆసుపత్రికే వస్తుంది. కొంత వైద్య బృందానికి, మిగతాది ఆసుపత్రి అవసరాలకు. మనమంతా ప్రైవేటులో చూపించి, ఇక్కడ చూపించకపోతే ఆ వార్డులో కుర్చీలు ఎక్కడి నుంచి వస్తాయి?

కాబట్టి అడిగినవాళ్లకు నేను చెప్పేది ఇది. తేదీ పెట్టుకుని చేయించే ఆపరేషన్ అయ్యి, ఇద్దరు తోడుండగలిగితే ప్రభుత్వ పెద్దాసుపత్రికే వెళ్లండి. ఒక్కరే ఉంటే, అదీ ఉద్యోగం చేసుకుంటూ అయితే, నెట్‌వర్క్ ఆసుపత్రికి వెళ్లండి, ఎవరైనా డబ్బడిగితే 104 గుర్తుంచుకోండి. ప్రాణం మీదికొస్తే ఈ లెక్కలేవీ వద్దు, దగ్గర్లో ఏదుంటే అది.

మంగళగిరి ఎయిమ్స్ సంగతి కూడా అడుగుతున్నారు. 10 రూపాయల ఓపీ చీటీ, మంచి డాక్టర్లు. అర్థంకాని జబ్బుకు, రెండో అభిప్రాయానికి బాగుంటుంది. పొద్దున్నే వెళ్లాలి. విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లేవాళ్లు హనుమాన్‌పేట పాతాసుపత్రో, గుణదల వైపు కొత్తాసుపత్రో ముందే కనుక్కుని బస్సెక్కండి.

అమ్మ ఇంటికొచ్చాక అభిప్రాయం చెప్పమని ఒక రికార్డు ఫోన్ వచ్చింది. డాక్టర్లు ఉన్నారా, మందులిచ్చారా అని అడిగింది, నంబరు నొక్కాను. తోడు లేనివాళ్ల పని ఎవరు చేశారని అందులో లేదు. అందుకే సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇచ్చి వచ్చాను. వార్డు నుంచి ల్యాబుకు శాంపిల్స్ చేర్చడానికి షిఫ్టుకు ఒక మనిషిని పెట్టమని, తోడు లేని రోగి కేస్ షీటు మీద ఆ మాట రాసి ఆ రోగి పని ముందు చూడమని. రశీదు జాగ్రత్తగా దాచాను. వచ్చే మంగళవారం అమ్మకు రివ్యూ ఉంది. అప్పుడు ఆ వార్డులోకి వెళ్లి, ట్యూబులు ఎవరి చేతిలో ఉన్నాయో చూస్తాను.